అందరికీ సరిపోయే ఇల్లు

"ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా, వెళ్ళి ఓ ఇల్లు చూసి రా" అన్నారు మా ఆయన, నేను ఆయన చొక్కాకి గుండీ కుడుతుంటే. కరెంటు టవర్లు నిలబెట్టే గ్యాంగుకి ఆయన ఇన్‌ఛార్జి. లైను ముందుకు జరిగినప్పుడల్లా మేమంతా ఊరు మారాలి. పనివాళ్ళు పడుకోవడానికీ, ఆఫీసు పెట్టుకోవడానికీ కలిపి ఒకే ఇల్లు కావాలి. ఆ ఇల్లు వెతికేది నేను. పైవాళ్ళు వచ్చి "క్యాంపు బాగా కుదిర్చావయ్యా" అన్నప్పుడు తల వంచి నవ్వేది ఆయన.

ఇల్లు చూడటం ఎవరూ నేర్పలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నాను. వెళ్ళగానే కుళాయిలన్నీ ఒకేసారి తిప్పుతాను, ఎందుకంటే పొద్దున్నే అందరూ ఒక్కసారే లేస్తారు. సందులో లారీ తిరుగుతుందో లేదో చూస్తాను. ఏ గోడకైనా తడిమరకలుంటే ఆఫీసు కాగితాలు అటువైపు పెట్టనివ్వను. నేను ఇన్ని చూస్తే ఇంటాయన చూసేది ఒక్కటే, నన్ను. "వట్టి మగవాళ్ళకి ఇవ్వమమ్మా, ఫ్యామిలీ ఉంటేనే" అంటారు ఏ ఊళ్ళోనైనా. ఆ ఫ్యామిలీ నేనే. వెళ్ళి నవ్వుతూ నిలబడితే తాళం చేతికొస్తుంది.

తాళం చేతికొచ్చాక ఫ్యామిలీకి చోటుండదు. ముందుగది ఆఫీసు. పెద్దగది ఫిట్టర్లకీ డ్రైవరుకీ. గాలి బాగా వచ్చేది సర్వేయరుకి, చదువుకున్నవాడు కదా. మిగిలింది అత్తయ్యకి, మోకాళ్ళ నొప్పులు. మా ఆయన ఫోన్లొస్తాయని ఆఫీసులోనే మడతమంచం వేసుకుంటారు. నేను వంటింట్లో, గ్యాస్ బండకీ సామాన్ల బస్తాలకీ మధ్య. పోయిన ఊళ్ళో అయితే బాత్రూం తలుపు ఆఫీసులోకే తెరుచుకునేది. అంతమంది మగవాళ్ళ ముందు నుంచి బకెట్ పట్టుకుని వెళ్ళలేక, వాళ్ళు సైటుకి కదిలేదాకా ఉగ్గబట్టుకునేదాన్ని. చివరికి నీళ్ళు తాగడమే మానేశాను. జ్వరమొచ్చి, మంటతో మెలికలు తిరిగిపోతుంటే డాక్టరమ్మ "నీళ్ళెందుకు తాగవు?" అని కసిరింది. ఏమని చెప్పను? ఆ ఇల్లు చూసింది నేనేనని చెప్పనా?

ఒకసారి మాత్రం నోరు విడిచి అడిగాను, నాకూ ఒక గది ఉంటే బాగుంటుందని. ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. అత్తయ్యే అందుకున్నారు. "నీకు గదేంటే పిచ్చిదానా, ఇల్లంతా నీదేగా!" గ్యాంగంతా నవ్వింది. "నిజమే వదినా, నువ్వు వంటింటి మహారాణివి" అన్నాడు డ్రైవరు, టీ గ్లాసు ముందుకు చాస్తూ. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఈసారి ఊళ్ళో బ్రోకరు దగ్గర ఒక ఇంజనీరమ్మ కనిపించింది. వంతెనలు కట్టే కంపెనీ ఆవిడది, తన మనుషులకి క్యాంపు వెతుక్కుంటోంది. ఆవిడకి తెగ నచ్చేసిన ఇంట్లో నేను అలవాటు కొద్దీ కుళాయిలన్నీ తిప్పాను. పై అంతస్తులో చుక్క నీరు రాలేదు. ఆవిడ నా వైపు తిరిగి, "మా క్యాంపులన్నీ మీరే చూసిపెట్టకూడదూ? ఊరికే కాదు, ఉద్యోగంగా. జీతం ఉంటుంది, గది ఉంటుంది" అంది. నేను తేరుకునేలోపే, "మీకెలాంటి గది కావాలి?" అని అడిగింది. ఎవరికెలాంటి గది కావాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నాకెలాంటిది కావాలో మాత్రం తోచలేదు. చివరికి "లోపల గడియ ఉండాలి" అన్నాను.

మావాళ్ళకీ ఇల్లు చూశాను, మునుపటి వాటన్నిటికంటే మంచిది. నిన్న సామాను దిగింది. ఒక్కో తలుపూ తీసి ఎవరి గది వాళ్ళకి చూపించాను. పొయ్యిని వెనక వరండాలోకి మార్పించి, వంటింట్లో తాళ్ళూ, హెల్మెట్లూ, బోల్టుల పెట్టెలూ నేల నుంచి కిటికీ దాకా సర్దించాను. అక్కడిప్పుడు చాప పరిచేంత చోటు కూడా లేదు. "అదిరింది వదినా, అందరం సరిపోయాం!" అన్నాడు సర్వేయరు. "ఇన్నాళ్ళకి బుద్ధిగా చూసింది" అన్నారు అత్తయ్య. మా ఆయన అన్ని గదులూ తిరిగొచ్చి తృప్తిగా తలూపారు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మరి నువ్వెక్కడ పడుకుంటావని ఒక్కరైనా అడుగుతారేమోనని చూశాను. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. కరిగిపోయి ఆగిపోయేదాన్నేమో. వాళ్ళు టీ అడిగారు.

అందరికీ టీ ఇచ్చి, గ్లాసులు కడిగి బోర్లించి, నా సంచీ తెచ్చుకున్నాను. వంతెన కంపెనీలో ఉద్యోగం దొరికిందనీ, వాళ్ళ క్యాంపుకి వెళ్ళిపోతున్నాననీ చెప్పాను. మా ఆయన మంచం మీంచి దిగ్గున లేచారు. ముఖం పాలిపోయింది.

"నువ్వెళ్ళిపోతే ఎలాగే? ఫ్యామిలీ లేకపోతే ఇంటాయన ఖాళీ చేయిస్తాడు!"

ఇన్నేళ్ళ కాపురంలో, నేను లేకపోతే ఏమవుతుందోనని ఆయన బెంగపడటం అదే మొదటిసారి. అదీ ఇంటి కోసం.

"భయం లేదు, ఇంటాయనతో అన్నీ ముందే మాట్లాడాను" అన్నాను. తాళాల గుత్తి తీసుకెళ్ళి అత్తయ్య చేతిలో పెట్టాను.

"ఇకనుంచి ఫ్యామిలీ మీరే, అత్తయ్యా. ఇల్లంతా మీదే."