ఉడుంపట్టు ఆయా

పసిపిల్లల వార్డులో ఆయా గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ పిండి, మూడు నెలల పాప ఒళ్ళు తుడుస్తోంది. పొట్టి మనిషి, పొట్టి చేతులు. సూది గుచ్చేటప్పుడు ఆమె పట్టుకున్న బిడ్డ కదిలితే ఒట్టు. అందుకే వార్డంతా ఆమెను ఉడుంపట్టు ఆయా అంటారు. ఇన్నేళ్ళ కొలువులో ఆమెకు దక్కిన బిరుదు అదొక్కటే. అదంటే ఆమెకు లోలోపల గర్వం కూడా.

పాప పక్కటెముకల మీద నీలంగా కమిలిన మచ్చలు కనిపించాయి. నిన్న సెలైన్ పెట్టినప్పుడు పట్టుకున్నది తనే.

డాక్టరమ్మ వచ్చి పాప తల వెనక బొప్పిని తడిమింది. తండ్రి వైపు తిరిగి, "ఇంకా బోర్లా కూడా పడని పిల్ల మంచం మీంచి ఎలా దొర్లిందండీ?" అంది.

"కాళ్ళు తన్నుకుంటూ అంచుకొచ్చేసిందండీ. రెప్పపాటులో..." అతను కళ్ళు తుడుచుకున్నాడు. పక్కన తల్లి నేలచూపులు చూస్తోంది.

డాక్టరమ్మ పాప చొక్కా పైకెత్తి, మచ్చల దగ్గర ఆగింది. "ఇవేంటి? తల స్కాన్ తీయించాలి. కంటి లోపల రక్తం చిమ్మిందేమో చూడాలి, కంటి డాక్టర్ని కూడా పిలవండి."

ఉద్యోగం పోతే పోయింది, తన మొరటుతనానికి ఆ కన్నవాళ్ళ మీద నింద పడకూడదనుకుంది ఆయా.

"అవి నా వేళ్ళేనమ్మా. నిన్న గట్టిగా పట్టుకున్నాను. వాళ్ళనేమీ అనకండి."

"ఇలాగేనా ఆయమ్మా పట్టుకునేది? పసిపిల్ల కాదూ!"

చీవాట్లు పడ్డాయి. మచ్చలకు కారణం దొరికింది. పాప పాలు తాగుతోంది, నవ్వుతోంది. స్కాన్ మాట మరుగున పడింది. మధ్యాహ్నానికి ఇంటికి పంపేశారు. వెళుతూ తండ్రి ఆయాకు చేతులు జోడించాడు. నిజం చెప్పేసినందుకు ఆమె మనసు తేలికపడింది, అన్నం రుచించింది.

సాయంత్రం తల్లి ఒక్కతే పాపను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏడుపు ఆపట్లేదని పట్టుకుని ఊపేశాడమ్మా! మొన్న కూడా అంతే, మంచం మీంచి పడలేదు. చెబితే చంపేస్తానన్నాడు."

డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది. చీకటి పడకముందే పాప ప్రాణం పోయింది.

ఒళ్ళు తుడవడం మళ్ళీ ఆయా పనే. పొద్దున చెయ్యని పని ఆమె ఇప్పుడు చేసింది. పాత మచ్చల మీద తన వేళ్ళు ఆనించి చూసింది. ఒకటి కుదిరితే రెండోది అందలేదు. ఎంత చాచినా అందలేదు. అది పెద్ద చెయ్యి.

"నావి కావమ్మా ఇవి! నావి కావు!" అని ఆయా భోరుమంది.

డాక్టరమ్మ పోలీసులకు ఫోన్ చెయ్యడానికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని ఆయాకు అనిపించింది.

పాపను తీసుకెళ్ళిపోయారు. దుప్పటి మార్చబోతే పక్కమీద ఒక మేజోడు దొరికింది, ఇంకా మడమ ఆకారంలోనే ఉబ్బి ఉంది.