అంచు దాటిన తీగ

పొద్దున ఆలూరు నుంచి వచ్చి మొయినాబాద్‌లో బస్సు దిగిన నిర్మలమ్మ, కాశీనాథ్ సారు ఇంట్లో మొదట చేసే పని తీగలు కత్తిరించడం. కాగితం మీద ఆమె వేసిన తీగ ఏదైనా పెరుగుతుంది. చిన్న చాకుతో కొసలు గీకెయ్యకపోతే అంచు దాటి అక్షరాల మీదికి పాకుతుంది. సారు భార్య సుమిత్రమ్మ చాయ్ పెట్టి, "వానలు పడ్డయి గదా, జోరుగ పెరుగుతున్నది" అని లోపలికి పోతుంది.

సారు ఉర్దూ టీచరుగా రిటైరయ్యాడు. రెల్లు కలంతో ఫారసీ పద్యాలు రాయడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. గులాబీ తోటలో కూలి చేసే నిర్మలమ్మ పూలపెట్టె మీద బొగ్గుతో గీసిన మొగ్గ ఆయన కంట్లో పడింది. అప్పటినుంచి పదకొండేళ్లుగా, తోటపని లేని రోజుల్లో ఆమె వస్తుంది; నడుమ అక్షరాలు ఆయనవి, చుట్టూ పూల అంచులు ఆమెవి.

ఈసారి హైదరాబాద్ ప్రదర్శనకు పన్నెండు పేజీల ఆల్బమ్ కావాలన్నారు. నిర్వాహకుడు నాగేందర్ వచ్చి పేజీలన్నీ చూసి మురిసిపోయాడు. చివరి పేజీ అడుగున సంతకానికి సారు కలం ముంచాడు.

"నా పక్కన నిర్మల పేరు గూడ రాస్త."

"ఒక్క పేరే ఉంటది సార్. కార్డులు ప్రింటయినయి. అంచు ఎవరేసిండ్రని ఎవరడుగుతరు?" అన్నాడు నాగేందర్.

"ఉండనీ సారు," అంది నిర్మలమ్మ, కుంచె కడుగుతూ. కడిగిన కుంచెనే మళ్లీ కడిగింది.

సారు కలం తుడిచి పక్కన పెట్టాడు. సంతకం చోటు ఖాళీగా ఉండిపోయింది.

మర్నాడు నాగేందర్ ఆల్బమ్ తీసుకుపోను వచ్చేసరికి, చివరి పేజీ మీద తీగ అంచు దాటి ఆ ఖాళీలోకి వచ్చి ఉంది. నిర్మలమ్మ చాకు అందుకుంది.

"ఆగు," అన్నాడు సారు. కళ్లద్దాలు పెట్టుకొని, తీగ మలుపుల్లోని ఉర్దూ అక్షరాలను కుడి నుంచి ఎడమకు వేలితో చూపించాడు. "నూన్, రే, మీమ్, లామ్... నిర్మల. నాకన్న మంచిగ రాసింది."

నిర్మలమ్మ తన పేరును చాలాసేపు చూసింది. చాకు ఒరలో పెట్టింది. సారు ఆ పేరు కింద తన పేరు రాశాడు. నాగేందర్ వంగి చూసి, ఫోన్ తీసి, కార్డులు మళ్లీ ప్రింటు చెయ్యమని చెప్పాడు.

ప్రదర్శనలో జనం సారు పేరుకు పైనున్న పేరు ఎవరిదని అడిగారు. నెల తిరక్కముందే చేవెళ్లలో అమ్మాయిలకు ఈ పని నేర్పమని పిలుపొచ్చింది.

తొలిరోజు బస్సులో కండక్టరు అలవాటుగా అడిగాడు. "ఏ తోటకు, అవ్వా?"

నిర్మలమ్మ కొంగు సర్దుకుంది.

"తోటకు గాదు బిడ్డా. పాఠం చెప్పనీకి పోతున్న."