ఎవరి సాలు వాళ్ళది

చెప్పులు బయటే విడిచి రావలసిందేమో, నేల ఇంత తెల్లగా ఉంటుందని ఎవరికి తెలుసు, గుమ్మం నుంచి కుర్చీ దాకా తోటమట్టి అచ్చులు అచ్చులుగా పడింది, వంగి తుడుద్దామంటే చేతిలో చెల్లెలి చెయ్యి ఉంది, వదిలితే అది గాలిలో తడుముకుంటుంది, వయసులో ఉన్న పిల్ల అలా తడుముకోవడం నలుగురూ చూస్తారు, పోనీలే, ఊడ్చేవాళ్ళు చూసుకుంటారు అనుకుని ఆమె పాదాలను కుర్చీ కిందికి లాక్కుంది, అయినా ఊడ్చేది కూడా తనలాంటి మనిషే కదా, వెళ్ళేటప్పుడు తుడిచి వెళ్ళాలి, గోడ మీద పేదలకు ఉచిత న్యాయ సహాయం అని నీలం అక్షరాలు, పల్లెబడి చదువు అంతవరకూ అక్కరకొచ్చింది, ఏం రాసుందే అక్కా అని చెల్లెలు అడిగితే చదివి చెప్పింది, ఉచితమా, అయితే కళ్ళాసుపత్రిలాగే పొద్దుగూకేదాకా కూర్చోబెడతారు, ఆ అరటిపండు ఇటివ్వు అంది చెల్లెలు, అరటిపళ్ళు మామ కొనిచ్చినవి, బస్సు దాకా తనే వచ్చి ఎక్కించాడు, కళ్ళాసుపత్రికే వెళుతున్నారనుకున్నాడు పాపం, జాగ్రత్తే పెద్దదానా, మెట్ల దగ్గర దాని చెయ్యి వదలకు అన్నాడు, మామకు అబద్ధాలు చెప్పడం ఈ పని కోసమే మొదలైంది, ఇక్కడికి రావడం ఇదే మొదలు కాదు, ఇలాంటివాటికి సర్కారే లాయర్ని ఊరికే ఇస్తుంది వెళ్ళి అడగండి అని ఆసుపత్రి నర్సు చెవిలో ఊదితే, కూలీలకు పని లేని రోజు చూసుకుని వచ్చారు, ఆ రోజు ఆఫీసుకూ సెలవే, తాళం ముట్టుకుని చూసి న్యాయం కూడా మనలాగే నడుం వాల్చిందే అక్కా అని చెల్లెలు నవ్వింది, ఆ తర్వాత తనొక్కతే ఓ పూట పని మానుకుని వస్తే దెబ్బ తగిలిన మనిషే రావాలని గుమ్మంలోంచే పంపేశారు, మనిషి వచ్చింది ఇప్పుడు, పండు తింటోంది, ఎల్లుండి కూలీల ముఠా ఇంకో పంటకు ఇంకో చోటికి కదిలిపోతుంది, ఇవాళ దాటితే ఈ గదెక్కడ, తామెక్కడ.

లాయరమ్మకు జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటూనే చెల్లెలి ఆసుపత్రి చీటీలన్నీ చదివింది, మంచిదే, విసుక్కోలేదు, నల్లద్దాలు తీయమ్మా అని కూడా అనలేదు, ఎలా ఉంటుందే లాయరమ్మ, లావా సన్నమా అని చెల్లెలు గొణిగితే వినపడి, సన్నమే గానీ ముక్కు మాత్రం టమాటాలా ఉంది ఇవాళ అని తనే చెప్పింది, చెల్లెలు పకపకా నవ్వింది, ఎన్నాళ్ళయింది అది పైకి అలా నవ్వి, ఆ నవ్వు ఇంకా గదిలో ఉండగానే లాయరమ్మ మొదలుపెట్టింది, మీ తరఫున నేను నిలబడతాను, మీరు పైసా ఇవ్వక్కర్లేదు, మీరు ఏ ఊరు పోయినా నేను కబురు చేస్తాను, కానీ ఎవరి మీదో చెప్పాలమ్మా, ఎవరి మీదంటే తోట యజమాని మీదే కదా, ఆయన్ని చూశారా, లేదు, తెల్లకారు ఒకసారి గట్టు మీదికి వచ్చి ఆగింది, అద్దం దిగలేదు, అలాగే పోయింది, పేరు, తెలియదు, మరి మిమ్మల్ని పనిలో పెట్టిందెవరు, సాళ్ళలో నిలబెట్టిందెవరు, మా మేస్త్రి, మేస్త్రి పేరు, మేస్త్రి అంటే ఎవరో కాదండీ, మా మేనమామ, లాయరమ్మ రాయడం ఆపింది, చూడమ్మా, మెట్టు ఎక్కకుండా మేడ ఎక్కలేం, ఆయన పేరు పట్టుకునే యజమాని దాకా పోవాలి, మీ మామకు ఏమీ కాదని మాత్రం నేను మాటివ్వలేను, ఈలోగా చెల్లెలు చెయ్యి బిగించింది, మామ మీద చెప్పకే, వద్దు, ఇంటికి పోదాం పద.

ఇల్లంటే ఏది, ఇల్లంటే మామ వేసిన టార్పాలిన్ పందిరే కదా, అమ్మ పోయినప్పుడు చెల్లెల్ని భుజాన ఎక్కించుకుని తనను వేలు పట్టి నడిపించుకుని ముఠాలోకి తెచ్చినవాడు, ఇద్దరు ఆడపిల్లల్ని నెత్తిన పెట్టుకుంటావేంటయ్యా అని నలుగురూ అంటే వినలేదు, జడలు వేయడం కూడా నేర్చుకున్నాడు, వీడు మేనమామ కాదురా, మీసాలున్న అమ్మ అని ముఠాలో ఎగతాళి, అత్త సణిగినా చిట్టికి ఏం కొంటే వీళ్ళకూ అదే కొన్నాడు, చిట్టి ఆయన కన్నకూతురు, కాయ లాగకే పెద్దదానా, మెలిపెట్టు, తొడిమ అదే ఊడొస్తుంది అని చెయ్యి పట్టుకుని నేర్పించాడు, చెల్లెలి కళ్ళు పోయిన ఆ పొద్దున, అదే యజమాని పక్క తోటలో పురుగుల మందు కొట్టే ట్రాక్టర్ గట్టు దాకా వచ్చింది, గాలి ఇటు తిరిగింది, చెల్లెలు మంచు అనుకుని మొహం పైకెత్తింది, అయ్యో ఎందుకెత్తావే, అందరూ తలలు దించుకున్నారు కదా, అది అరిచిన అరుపుకు మామే ముందు పరుగెత్తుకొచ్చాడు, తాగే నీళ్ళన్నీ దాని కళ్ళలో పోశాడు, మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు, ఇవాళ మందు కొడతారని నాకు తెలియదే తల్లీ, తెలిస్తే మిమ్మల్ని దింపుతానా అన్నాడు, అవును, ఎందుకు దింపుతాడు, మీసాలున్న అమ్మ, అలాంటివాడి పేరు ఈ చల్లటి గదిలో కూర్చుని తెలియని మనిషికి ఎలా చెప్పడం, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కదా, ఎల్లుండి లారీలో ఆయన పక్కనే కూర్చోవద్దూ.

సరే, పేరు సంగతి తర్వాత చూద్దాం అంది లాయరమ్మ, ముందు సాక్షులు కావాలి, ఆ పొద్దున ఎవరెక్కడ నిలబడ్డారో గుర్తుందా, గుర్తులేకపోవడమేంటి అని ఆమెకు నవ్వొచ్చింది, ముఠాలో పంట మొదలైన రోజున ఎవరు ఏ వరసలో నిలబడితే పంట అయ్యేదాకా అదే వరస, ఎవరి సాలు వాళ్ళది, సాలు మారితే చెయ్యి మారుతుందని మామే అంటాడు, ఇరుగుపొరుగు ఇళ్ళలాగా పక్క సాలువాళ్ళ దగ్గూ పాటా తిట్టూ అన్నీ తెలుస్తాయి, ఆమె కళ్ళు మూసుకుని గట్టు వైపు నుంచి నడిచింది, మొదటిది నశ్యం అవ్వది, తర్వాత నత్తి పెద్దాయనది, ఆ తర్వాత కవలల తల్లిది, ఆ తర్వాత చెల్లెలిది, తర్వాత తనది, తన ఇవతల చిట్టిది, చిట్టి, చిట్టి సాలులో కాయలు ఎర్రగా అలాగే వేలాడుతున్నాయి, బుట్ట సాలు మొదట్లో బోర్లించి ఉంది, పండినవి పాడవుతాయని తనే చెయ్యి చాపి ఆ కాయలు కూడా కోసింది, కోస్తూ ఎక్కడికి పోయిందబ్బా ఈ పిల్ల అనుకుంది, లేదు, అనుకోవడమెందుకు, చూసిందిగా, పని మొదలవుతూనే మామ గట్టు మీద నుంచి పిలిచాడు, చిట్టీ నువ్వు రావే, మీ అమ్మకు నీళ్ళు మోయాలి, నా సాలు ఎవరు చూస్తారు నాన్నా అని అది గునిసింది, ఎన్నడూ దాన్ని పల్లెత్తు మాట అనని మనిషి, రమ్మన్నానా లేదా అని కసిరాడు, కసురుతూ పక్క తోట వైపు చూశాడు, జ్వరం వచ్చినప్పుడు కూడా చిట్టిని సాలు మారనివ్వని మనిషి, సాలు మొదట్లో గుడ్డ పరిచి కూర్చోబెట్టిన మనిషి, నీళ్ళు మోయడానికి చిట్టే కావాలా, అత్త బిందెలు అప్పటికే నిండి ఉన్నాయి కదా.

అమ్మా, చెప్పండి, మీ పక్కన ఎవరు అని లాయరమ్మ అడుగుతోంది, ఎవరూ లేరంటే అన్నీ చెప్పినట్టే, చెల్లెలు వినకూడదు, వింటే దీనికి కళ్ళతోపాటు మామ కూడా పోతాడు, నెమ్మదిగా దీన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి వచ్చి చెప్పాలి అనుకుంటూ ఉండగానే, ఖాళీ అని చెప్పవే అక్కా, చిట్టిది ఆ రోజు ఖాళీ అంది చెల్లెలు, గొంతులో ఏడుపు లేదు, నీకు తెలుసా, ఎప్పటినుంచి, నాకు వేరే పనేముందే, పందిట్లో ఒక్కదాన్నే కూర్చుని రోజూ ఆ సాళ్ళలోనే తిరుగుతున్నా, మరి వద్దన్నావేం, నీకు మామంటే ప్రాణం కదే అక్కా, నాకెలాగూ చీకటే, నీకన్నా ఆయన ఉండనీ అని, ఆ మాటకు లాయరమ్మ తల దించుకుని బల్ల మీద లేనిదేదో వెతికింది, ఆమె చెల్లెలి నల్లద్దాలలోకి చూసింది, అందులో తన మొహమే చిన్నగా కనపడింది, మామ ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు, జడలు అబద్ధం కాదు, ఇవాళ్టి అరటిపళ్ళూ అబద్ధం కావు, అందర్నీ సాళ్ళలోంచి లేపితే పని ఆగేది, మేస్త్రిపని పోయేది, ఒక్కరిని లేపితే ఎవరూ అడగరు, ఆ ఒక్క పిలుపు ఎవరికివ్వాలో మామ ఆలోచించుకోనక్కర్లేకపోయింది, నాన్న అన్నవాడు ఎవడైనా అంతేనేమో, ఆ గట్టు మీద ఉంటే తను మాత్రం ముందు చెల్లెల్ని పిలిచేది కాదా, కాబట్టి కోపం ఎక్కడినుంచీ రావడం లేదు, వస్తే బాగుండును, వచ్చేది ఒక్కటే, ఇంతసేపూ పేరు చెబితే బంధం తెగిపోతుందని నాలుక కరుచుకుని కూర్చుంది గానీ, తను ఇప్పుడు తెంచేదేమీ లేదు, చిట్టీ నువ్వు రావే అన్నప్పుడే, తామిద్దరూ వంగి కాయలు కోసుకుంటూ ఉండగానే, అది తెగిపోయింది.