పదిహేడో నోరు

"పప్పు ఉడికిందేటే, పుస్తకం ఉడికిందేటి?" అని అత్త అప్పలనర్సమ్మ వాకిట్లోంచి కేకేసింది.

పప్పు ఉడికింది. పుస్తకమే ఇంకా సగంలో ఉంది. అచ్చియమ్మ పెన్సిలు చెవి వెనక దోపి, గిన్నె దించి, మళ్ళీ పీట మీద కూర్చుంది. ఆమె గీస్తున్నది ఒక ఆడమనిషి అంగిలి.

ఆ పని మొగుడు పురమాయించినది. త్రినాథరావు కలకత్తాలో పళ్ళ డాక్టరీ పై చదువు చదువుతున్నాడు. బిలాస్‌పూర్ తార్‌బహార్ పేటలో రైల్వే గార్డు సన్యాసిరావు కొడుకు అంతవాడయ్యాడని వీధంతా చెప్పుకుంటుంది. చదువు చివర ఒక పెద్ద వ్యాసం రాయాలట. అందుకు అతను అడ్డపొగ ఎంచుకున్నాడు. రైలు ఉద్యోగాల వెంట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు చుట్టను తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అదే అడ్డపొగ. అలాగైతే గాలికి ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆ సెగ అంగిలిని ఏం చేస్తుందో అతను రాయాలి. చిక్కేమిటంటే, ఏ ఆడదీ మగవాడి ముందు నోరు తెరవదు.

"నువ్వు చూసి గీసియ్యి చాలు. అర్థం చేసుకోడానికి మేమున్నాం" అని చెప్పి అతను రైలెక్కాడు.

అంట్లు తోమి, బట్టలు ఆరేసి, అత్తకు కాళ్ళు పట్టాక మధ్యాహ్నం కాస్త తీరిక దొరికేది. అప్పుడు చేతి అద్దం, గరిటె కాడ పట్టుకుని బయల్దేరేది అచ్చియమ్మ. అద్దంతో ఎండను నోట్లోకి తిప్పి, కాడతో నాలుక నొక్కి చూసేది. "పేరు రాసేవంటే ఊరుకోనే, గుంటా" అని మొదటి రోజే పక్కింటి అసిరమ్మ బెదిరించింది. అందుకే పుస్తకంలో అంకెలే, పేర్లన్నీ అచ్చియమ్మ కడుపులో. ఐదో తరగతితో ఆగిన చదువు ఆమెది. ఇన్నేళ్ళకు మళ్ళీ ఒక పుస్తకం తన చేతుల్లో నిండుతుంటే ఒళ్ళు పులకరించేది. అంగిలి ముందు తెల్లగా మొద్దుబారుతుందని, తరవాత ఆ తెలుపులో ఎర్రచుక్కలు లేస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. సెలవులకొచ్చిన మొగుడితో ఆ మాట అంటే నవ్వాడు. మర్నాడు భోజనాల దగ్గర తండ్రితో, "ఎర్రచుక్కల సంగతి నేను కనిపెట్టాను నాన్నా" అన్నాడు. అచ్చియమ్మ చారు పోస్తోంది. చారు పొర్లించినందుకు అత్త చేత తిట్లు కూడా తింది.

పదిహేడో నోరు అత్తదే.

పళ్ళెంలో కారం కూర మిగిలిపోతుంటే అనుమానమొచ్చి, బతిమాలి నోరు తెరిపించింది. అంగిలి మధ్యలో పుండు, అంచులు గట్టిపడి ఉన్నాయి. అచ్చియమ్మ అద్దం తిప్పి మళ్ళీ చూసింది. "ఎన్నాళ్ళయింది అత్తా?" అంటే, "రెండు నెల్లు. ఆడికి సెప్పకు. సదువు ఒగ్గీసి వొచ్చేస్తాడు. నా మీదొట్టు" అంది ముసలామె, జీవితంలో మొదటిసారి కోడలి చెయ్యి పట్టుకుని.

ఒట్టు తప్పలేదు, ఊరుకోనూ లేదు. ఆ బొమ్మ నాలుగుసార్లు గీసింది. పుండు వెడల్పు పెసరగింజలతో కొలిచి రాసింది. మొగుడు పుస్తకం పట్టుకుపోయే రోజు, "పదిహేడోది కాస్త చూడండి, అది మానట్లేదు" అంది. "చూస్తాలే. నీకేటి తెలుసు?" అన్నాడతను. తెలిసీ చెప్పలేక ఆ నెలంతా ఆమె నిద్ర సరిగ్గా పోలేదు.

ఒక మధ్యాహ్నం కబురైనా లేకుండా త్రినాథరావు దిగాడు. చెప్పులు విప్పకుండానే వంటింటి గడపలో నిలబడ్డాడు.

"ఆ పదిహేడో ఆవిడెవరు? ప్రొఫెసర్ గారు ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయారు. ఇది మామూలు పుండు కాదు, వెంటనే తీసుకురా, కోసి తీసెయ్యాలి అన్నారు. పేరడిగారు, పుస్తకంలో అంకే ఉంది. చెప్పవే!"

అచ్చియమ్మ అత్తవైపు చూసింది. అప్పలనర్సమ్మ నోట్లోంచి చుట్ట తీసి నేలకు రాసి ఆర్పింది.

"నానేరా" అంది.

అతను చెప్పులు గడప దగ్గరే వదిలి అమ్మ ముందు కూర్చున్నాడు. పాపం, డాక్టరు ఎటో పోయి కొడుకు మిగిలాడు. "అమ్మా, ఏదీ, నోరు తెరువు" అన్నాడు. ఆమె పెదాలు బిగించి కోడలి వైపు చెయ్యి చూపింది.

"నీకు నాను సూపించను. దానికి తెలుసు నా నోరు. అది పక్కనుంటేనే ఏ డాక్టరు దొర ముందైనా తెరుస్తాను."

"దానికి కలకత్తాలో ఏటి పనమ్మా? నాన్నకి వండేదెవరు?"

"డ్యూటీలో నాను వండుకోటం లేదేటి?" అన్నాడు వాకిట్లో మంచం మీంచి సన్యాసిరావు, కొడుకు వైపు చూడకుండా. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన ఆ సంగతి బయటపెట్టడం అదే మొదలు.

కలకత్తా వెళ్ళే హౌరా మెయిలు కోసం ముగ్గురూ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. అత్త ఒక చేత్తో కోడలి భుజం పట్టుకుంది. త్రినాథరావు తిరిగి తెచ్చిన బొమ్మల పుస్తకం ఇప్పుడు అచ్చియమ్మ మూటలో, చీరల మధ్య ఉంది. పొద్దున్నే అతని పెట్టెలోంచి తీసి పెట్టుకుంది. అతను రెండుసార్లు అడిగాడు, ఆమె ఇవ్వలేదు. సిగ్నలు పడ్డాక దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ బొమ్మలు నేనే గీశానని అనుకుంటున్నారు ప్రొఫెసర్ గారు. ఎవరు గీసేరని నిన్నడిగితే ఏటి చెప్తావు?"

అచ్చియమ్మ మూట చంకలో సర్దుకుంది.

"అడక్కపోయినా చెప్తాను" అంది.