రెండు కవర్లు

క్యారెట్ల షెడ్డులో బెల్టు ఆగదు. నేక్‌బఖ్త్ చేతులు పుచ్చువీ వంకరవీ ఏరి పక్కన పడేస్తున్నాయి గానీ, చూపు గోడ గడియారం మీదే ఉంది. పన్నెండున్నర. రెండింటికల్లా వలసల ఆఫీసులో ఉండాలి. మధ్యలో వెళ్తే పూట జీతం కోస్తానని సూపర్‌వైజరు పొద్దున్నే చెప్పేశాడు.

"కోస్తే కోసుకోనీలే! ఉండటానికి కార్డులొస్తున్నాయంటగా. స్వీట్లు ఎగ్గొడదామనా?" అంది పక్కన నిలబడి పనిచేసే సొమాలీ ఆవిడ హోదాన్.

"ముగ్గురికే."

హోదాన్ చెయ్యి ఆగింది. "అదేంటే? మీరు నలుగురు కదా?"

క్యారెట్లు వాళ్లిద్దరినీ దాటుకుని వెళ్లిపోతూనే ఉన్నాయి.

నాలుగేళ్లుగా ఆఫీసు నుంచి ఏం వచ్చినా ఒకే కవరు. పైన భర్త రజబ్ పేరు, లోపల నలుగురి పేర్లు. సోమవారం మాత్రం రెండొచ్చాయి. చిన్నకూతురు సీమాకు తొమ్మిదేళ్లు. ఇక్కడే చదువుకుంటోంది కాబట్టి దాన్ని కదిలించకూడదనీ, దానితోపాటు తల్లీతండ్రీ ఉండవచ్చనీ ఒకదానిలో రాశారు. రెండోది పెద్దకూతురు మాహ్‌తాబ్ పేరు మీద. జనవరి ఒకటితో ఆ పిల్లకు పద్దెనిమిది నిండాయి. ఇక కుటుంబం లెక్కలోకి రాదు. ఉత్తరాదిన ఒంటరివాళ్ల శిబిరానికి మారాలి. మూడు వారాల్లో అప్పీలు చేసుకోకపోతే దేశం వదిలి వెళ్లాలి.

"నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం," అని నవ్వింది మాహ్‌తాబ్. "జనవరి ఒకటిన నాతోపాటు ఈ బిల్డింగులో ఇరవైమంది పుట్టారు. ఒక్కరైనా కేకు పెట్టలేదు చూడు."

పుట్టిన తేదీ తెలియని వాళ్లందరికీ ఆఫీసువాళ్లు రాసే తేదీ అదే.

తేదీ వాళ్లు రాసుకున్నదే. ఏడాది మాత్రం నేక్‌బఖ్త్ చెప్పింది. ఊరొదిలి ఇరాన్‌లో ఉన్నప్పుడు పదమూడేళ్లు లేనిదే కుట్టుపనికి తీసుకోమంటే, పిల్లకు రెండేళ్లు కలిపి కార్డు రాయించింది. స్వీడన్‌కొచ్చిన రోజు ఆ కార్డు ప్రకారమే వయసు చెప్పింది. రెండు కాగితాల్లో రెండు వయసులుంటే దొంగలంటారని భయం. ఈ వసంతం వస్తే గానీ మాహ్‌తాబ్‌కు పదహారు నిండవు.

బస్సు దిగేసరికి రజబ్ పిల్లలిద్దరితో ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పెళ్లాం ముఖం చూడగానే పక్కకు లాక్కుపోయాడు.

"లోపల నోరు మెదపకు. అబద్ధం చెప్పామని తెలిస్తే సీమా కార్డు కూడా లాగేసుకుంటారు."

"చెప్పింది నేను. శిక్ష దానికా?"

"అప్పీలు చేద్దామే. ముందు మన కాలు నేల మీద ఆననీ."

"దాని కాలో?"

మాహ్‌తాబ్ దగ్గరికొచ్చి, తల్లి తలగుడ్డకు అంటిన మట్టి దులుపుతూ, "నాన్న మాట వినమ్మా. సీమాకి స్కూలుంది కదా," అంది.

"అయితే అక్క వెళ్లాక పై మంచం నాదేనా?" అంది సీమా.

లోపల అద్దం వెనక కూర్చున్న ఆఫీసు అమ్మాయి ఓపికగానే ఉంది. ఫోనులో దుబాసీ గొంతు మాటలు అటూ ఇటూ అందిస్తోంది. కార్డుల కోసం వేలిముద్రల యంత్రం మీద రజబ్ వేళ్లు పెట్టాడు. సీమా పెట్టింది. మాహ్‌తాబ్ మాత్రం వెనక గోడవార బెంచీ మీద కూర్చుంది. సొంత మనుషుల్ని చూడ్డానికొచ్చిన చుట్టంలా.

నేక్‌బఖ్త్ వేళ్లను యంత్రం పట్టుకోలేదు. చల్లనీళ్లకు చర్మం పగిలిపోయి ఉంది. అద్దం కింద నుంచి తడి కాగితం వచ్చింది.

"తుడుచుకుని మళ్లీ పెట్టమంటున్నారు అక్కా," అంది ఫోను.

తుడుచుకుంది. పెట్టలేదు.

"నా పెద్దపిల్ల వయసు నేను తప్పు చెప్పాను. దానికింకా పదహారు నిండలేదు. ఆవిడకి చెప్పు తమ్ముడూ."

దుబాసీ గొంతు తగ్గించాడు. "అక్కా, ఇది చెప్పానంటే ఇక వెనక్కి తీసుకోలేరు. చెప్పమంటారా?"

"ఆమెకి ఒంట్లో బాగోలేదు, పట్టించుకోకండి," అన్నాడు రజబ్.

"చెప్పమన్నాను కదా!"

ఫోనులో గొంతు స్వీడన్ భాషలో చెప్పుకుపోయింది. బెంచీ మీద నుంచి మాహ్‌తాబ్ లేచి నిలబడింది. అద్దం వెనక అమ్మాయి నెమ్మదిగా ఏదో అంది.

"దీనివల్ల మీ ముగ్గురి కార్డులూ ఆగిపోవచ్చంటున్నారు. ముందు వేలిముద్ర వేసి, ఆ సంగతి తర్వాత విడిగా రాసి ఇవ్వొచ్చట."

"విడిగా ఏదీ వద్దు. నలుగురం ఒక కవరులో వచ్చాం. నేను వేలు పెట్టను."

రజబ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అమ్మాయి కంప్యూటరు వైపు తిరిగింది.

"అయితే అసలు పుట్టిన తేదీ ఏమిటని అడుగుతున్నారు."

"తేదీ తెలీదు. మా ఊళ్లో ఆప్రికాట్ పూత మీద మంచు కురిసిన ఏడు. చెట్టుకి ఒక్క పువ్వు మిగల్లేదు. ఆ మూడోరోజు పొద్దున పుట్టింది."

దుబాసీ ఆ మాటలు పూర్తిచేశాడు. అమ్మాయి వేళ్లు అక్షరాల మీద నిలిచిపోయాయి. తేదీ రాయాల్సిన గళ్లు తెర మీద ఖాళీగా ఉన్నాయి. యంత్రం మీద పచ్చదీపం వెలిగి ఆరుతూ పిలుస్తోంది. నేక్‌బఖ్త్ పిడికిలి బిగించి శాలువాలో దాచుకుంది.