గొర్రెల ఫొటో

మిర్యాలగూడ రైస్ మిల్లు సేటు కొడుకు దయాకర్ ఆనాటి కుర్రకారులాగే చెవులు మూసుకుపోయేలా జుట్టు పెంచి, మెడలో కెమెరా వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. ఒక సాయంత్రం మోతె గుట్ట మీద మైసయ్య గొర్రెల మందను చూసి ఆగిపోయాడు. వాటి ఒత్తయిన బొచ్చు అంచులకు ఎండ తగిలి మంద మందంతా వెలిగిపోతోంది. తీరా చూస్తే కెమెరాలో రీలు అయిపోయింది.

"మైసయ్యా, రేపు గిదే యాళ్లకు గొర్లను గీడనే ఉంచు. ఫొటో తీస్త" అని మరీ మరీ చెప్పి బస్సెక్కాడు.

మర్నాడు కొత్త రీలుతో దిగాడు. గుట్ట అదే, ఎండ అదే. గొర్రెల ఒంటి మీద మాత్రం బొచ్చన్నది లేదు. నున్నగా కత్తిరించి, కడిగి, నొసట పసుపు కుంకుమ పెడితే, అవి బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డాయి.

"గిదేంది మైసయ్యా! బొచ్చేదీ?" దయాకర్ నెత్తి పట్టుకున్నాడు.

"ఫొటో దిగేటప్పుడు కటింగ్ చేయించుకోమా సేటూ? అన్నదమ్ములందరం పొద్దుగాల సంది గిదే పని!" అన్నాడు మైసయ్య గర్వంగా.

పక్కనే కూర్చున్న అతని ముసలితల్లి అలివేలు దయాకర్ తలవైపు జాలిగా చూసింది.

"నీది సుత బాగ పెరిగింది బిడ్డా. కత్తెర గీడనే ఉన్నది, కూసుంటవా?"