ఇటుక బట్టీల వాళ్లకు అక్కర్లేదట

ఇటుక బట్టీల వీధిలో సూది అంటే అందరికీ భయమే. అయినా ఆరోగ్య కేంద్రం నర్సు అడిగితే కాదనలేకపోయారు. ఆ సూదితో పరిశోధన చేస్తున్నది ఆమె సొంత అక్క.

"క్షయ తెచ్చే క్రిమికి చుట్టాలున్నాయి. మట్టిలో, నీళ్లలో ఉంటాయి, హాని చెయ్యవు" అని అక్క వీధివాళ్లకు చెప్పింది. "చిన్నప్పటి నుంచి వాటి మధ్య పెరిగిన ఒళ్లు ఈ కొత్త వైరస్ జ్వరాన్ని తట్టుకుంటుందేమో. కొండ మీది ఊళ్లో జ్వరం ముదిరిపోతోంది, ఇక్కడ తేలిగ్గా పోతోంది. కారణం అదేనేమో చూడాలి. ఈ సూది గుచ్చిన చోట పొంగితే, ఆ ఒంటికి ఆ క్రిములు ముందే తెలుసన్నమాట."

బట్టీ మేస్త్రి అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచాడు. "ఇన్నాళ్లూ మన్ను తిన్నది ఊరికే పోలేదన్నమాట!" అన్నాడు. అందరూ నవ్వారు.

చాలామందికి సూది గుచ్చిన చోట ఎర్రగా పొంగింది. వాళ్లలో ఎక్కువమందికి జ్వరం తేలిగ్గానే పోయింది. అక్క సంబరంగా పై అధికారులకు చెప్పింది.

వానలతో జ్వరం మళ్లీ వచ్చింది. ఓ ఉదయం వ్యాను వచ్చి ఆరోగ్య కేంద్రంలోని ఆక్సిజన్ సిలిండర్లను ఎక్కించుకుంది.

"కొండ మీదికండీ. ఇక్కడివాళ్లకు అక్కర్లేదట, పరిశోధనలో తేలిందట" అన్నాడు డ్రైవరు.

ఆ వారమే మేస్త్రికి ఊపిరి అందలేదు. "నా చెయ్యి పొంగింది కదమ్మా... మరి నాకెందుకొచ్చింది?" అని నర్సును అడిగాడు. కేంద్రంలో ఆక్సిజన్ లేక పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

నర్సు తిన్నగా అక్క ప్రయోగశాలకు వెళ్లింది. "సిలిండర్లు తీసుకెళ్తారని నీకు ముందే తెలుసా?"

అక్క తల దించుకుంది. "ఆ మీటింగులో నేనూ ఉన్నాను."

"మాతో 'ఏమో' అన్నావు కదక్కా! ఆ మాట వాళ్లతో అనలేదా?"

"అందామనుకున్నానే. కొండ మీద జనం రాలిపోతున్నారు. పైగా అంతమంది పెద్దవాళ్లు నా మాటకు తలూపడం అదే మొదటిసారి. నోరు రాలేదు."

"మా వీధివాళ్లు నమ్మింది నిన్ను కాదు, నన్ను. నన్ను అడ్డం పెట్టుకుని వాళ్ల గొంతు కోశావు."

మర్నాడు అక్కను వెంటబెట్టుకుని అధికారుల దగ్గరకు వెళ్లింది. అది ఇంకా ఊహేనని, నిజమైనా ఏ ఒక్కరి ప్రాణానికీ హామీ కాదని అక్క చేతే చెప్పించింది. సగం సిలిండర్లు తిరిగొచ్చాయి.

తర్వాత నర్సు మేస్త్రి ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన భార్య చివరిదాకా వింది. కూర్చోమనలేదు.

"మీ అక్కను నువ్వు నమ్మావు, నిన్ను మేం నమ్మాం. ఇక మేం ఎవర్ని అడగాలమ్మా?" అంది.